వ్యాజ్యము తీరుట వేఱు, తగవు తీరుట వేఱు

ఒడిశా కొండలలో బుట్టిన వంశధార శ్రీకాకుళము జిల్లా పొలములను దడిపి కళింగపట్టణమువద్ద సముద్రమున గలియుచున్నది. ఈ నదీజలమును చెరిసగము పంచుకొందమని ఉభయరాష్ట్రములును 1962వ సంవత్సరము సెప్టెంబరు నెలలోనే యొడంబడిక చేసికొనియున్నవి. ఇంతకంటె సులభమైన లెక్క గణితశాస్త్రమున లేదు. అయినను, నేరడివద్ద గట్టదలచిన యానకట్టకై ఒడిశా భాగమున గావలసిన నూఱెకరముల పైచిలుకు భూమివిషయమై 2021వ సంవత్సరము నవంబరు నెలలో సైతము ఇరువురు ముఖ్యమంత్రులు భువనేశ్వరమున గూర్చుండి మాటలాడుకొనవలసివచ్చినది. నడుమ ఏబదితొమ్మిదేండ్లు గడచినవి. ఈ నడిమికాలమున అర్జీలు నడచినవి. సుప్రీంకోర్టులో వాదములు నడచినవి. 2010లో నియమితమైన జలవివాద న్యాయమండలి నడచినది. 2017లో దాని తీర్పును వెలువడినది. వరదనీరు మాత్ర మెవ్వరి యనుమతియు నడుగక సముద్రము పాలగుచునే వచ్చినది.

రాజ్యములకు బట్టిన యీ దుర్దశను జూచి గృహస్థులు నవ్వుకొనుటకు వీలులేదు. ఇదే కథ మన గ్రామములలో చిన్న యెత్తున నిత్యమును జరుగుచున్నది. అన్నదమ్ము లిద్దఱు పొలము పంచుకొందురు. నడిమిగట్టు మూరెడు ఇటు జరిగినదని యొకడు, అటు జరిగినదని యొకడు. మొదట మాటలు, పిదప కేకలు, అటుపిమ్మట పోలీసుఠాణా, తుదకు దావా. తాత్కాలికపు టుత్తరువునకై యొక దరఖాస్తు, గట్టు కొలుచుటకు కమీషనరును బంపుడని మఱియొక దరఖాస్తు, సర్వేయరు రాలేదని యొక వాయిదా, సాక్షి రాలేదని మఱియొక వాయిదా. డిక్రీ వచ్చినపిమ్మట అప్పీలు. అప్పీలు తీరినపిమ్మట అమలు దరఖాస్తు. ఆ గట్టు వెల యెంత? దానికై ప్లీడరుగారికిని, స్టాంపులకును, పట్టణమునకు దిరిగిన బస్సులకును బెట్టినది యెంత? గెలిచినవాడు ఇంటికి బోయి యేడ్చెను, ఓడినవాడు కోర్టులోనే యేడ్చెనను సామెత యనుభవమునుండి పుట్టినదే. కాని యా సామెతకు జిక్కని నష్ట మింకొకటి కలదు. డిక్రీ వచ్చిన పదేండ్లకుగూడ ఆ యిరుగిండ్లవారును బెండ్లికి ఒకరినొకరు పిలుచుకొనరు. వ్యాజ్యము తీరినది, తగవు తీరలేదు.

ఈ రెంటికిని గల భేదమును స్పష్టముగా గ్రహించుట నేడు మిక్కిలి యవసరము. ఏలయన, తగవులను గోర్టు వెలుపల దీర్చుకొనుడని ప్రభుత్వములును, న్యాయమూర్తులును పదేపదే చెప్పుచున్నారు. 2023లో పార్లమెంటు రాజీమార్గమున కొక ప్రత్యేకచట్టమునే చేసినది. హితవు మంచిదే. కాని ఏది మధ్యవర్తిత్వము, ఏది రాజీ, ఏది కేవలము బలవంతుని పంచాయతీ యను వివేకము లేనిచో, కోర్టు చెఱ దప్పించుకొని యంతకంటె గట్టి చెఱలో బడుదుము.

వ్యాజ్యమున నొకడు పిలుచును, మఱియొకడు ఈడ్వబడును. న్యాయాధిపతి యెవరో యుభయులకును దెలియదు. తెలియవలసిన పనియు లేదు. అతని యధికారము రాజ్యమునుండి వచ్చినది. మధ్యవర్తిత్వమున నుభయులును దమంతట దాము తమ తీర్పరిని ఎన్నుకొందురు. అతడు చెప్పినదానికి గట్టుబడుదుమని ముందుగా వ్రాసి యిత్తురు. అతని యధికారము వారి సమ్మతినుండి వచ్చినది. రాజీ యనునది యీ రెంటికంటెను వేఱు. అందు మూడవవాడు తీర్పే చెప్పడు. ఇరువురిని గూర్చుండబెట్టి మాటలాడించును. వారొప్పుకొన్ననే ఫలితము, లేనిచో లేదు. లోకభాషలో మనము వీని నన్నింటిని పెద్దమనుష్యులలో బెట్టుట యనియే యందుము గాని, తీర్పు చెప్పు పెద్దమనిషి వేఱు, మాట కలుపు పెద్దమనిషి వేఱు. మొదటివాని మాట మనకు నచ్చకున్నను గట్టుబడవలెను. రెండవవాని మాట నచ్చిననే కట్టుబడుదుము.

మధ్యవర్తిత్వపు మేలు నెఱుగుటకు గాంధీమహాత్ముని జీవితమునందలి యొక వ్యాజ్యమే చాలును. 1893లో దాదా అబ్దుల్లా యను వర్తకుని పక్షమున బనిచేయుటకై యాయన దక్షిణాఫ్రికాకు బోయెను. ప్రతివాది త్యేబ్ సేట్ ప్రిటోరియా నగరమున వర్తకుడు, పైగా దాదా అబ్దుల్లాకు బంధువు. దావా మొత్తము 40,000 పౌనులు. దస్తావేజులన్నియు జదివి, న్యాయము తన కక్షిదారుని పక్షముననే యున్నదని గ్రహించియు, ఆ యువకుడైన బారిష్టరు వ్యాజ్యము సాగినచో నుభయులును జెడుదురని తలచి, వారిని మధ్యవర్తిత్వమున కొప్పించెను. మధ్యవర్తి దాదా అబ్దుల్లాకే యనుకూలముగా 37,000 పౌనులును ఖర్చులును దీర్పు చెప్పెను. కథ యిక్కడ నాగినచో నిదియు నొక డిక్రీయే. ఆ మొత్తము నొక్కసారిగా జెల్లింపవలసివచ్చినచో త్యేబ్ సేట్ దివాలా తీయును. వర్తకునికి దివాలా మరణతుల్యము. గాంధీ మఱల శ్రమపడి దీర్ఘకాలపు వాయిదాలమీద జెల్లించుటకు దాదా అబ్దుల్లా నొప్పించెను. గెలిచినవానికి సొమ్ము దక్కినది, ఓడినవానికి బరువు దక్కినది, బంధుత్వము మిగిలినది. తీర్పు హక్కును నిర్ణయించినది. ఔదార్యము తగవును దీర్చినది. ఈ రెండును గలిసిననే పని పూర్తి యగును.

ఇది మనకు గ్రొత్త విద్య కాదు. రాజు నియమించిన సభకు దిగువను పూగము, శ్రేణి, కులము అను తీర్పుస్థానములను యాజ్ఞవల్క్యుడు వరుసగా జెప్పియున్నాడు. ఊరివారి కూటమి, వృత్తివారి కూటమి, బంధువుల కూటమి యని వాని యర్థము. క్రిందివారి తీర్పు నచ్చనివాడు పైవారికడకు బోవచ్చును. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన తెలుగుపద్యములలోనికి దెచ్చెను; అనగా వ్యవహారధర్మము ఏడువందల యేండ్లక్రిందటనే తెలుగువాని చేతికి వచ్చినది. ఇంగ్లీషువారు సైతము మొదట దీనిని గుర్తింపకపోలేదు. 1816లో మద్రాసు ప్రభుత్వము చేసిన రెగ్యులేషనులు గ్రామమునసబునకు పది రూపాయల లోపు దావాలు విచారించు నధికారమును, ఉభయులు గోరినచో గ్రామపంచాయతీచే దీర్పు చెప్పించు మార్గమును ఏర్పఱచినవి. కాని యప్పటికే జిల్లాకోర్టు రుచి మరగినవారికి రచ్చబండ చప్పగా దోచినది. పంచాయతీకి డిక్రీ పొగరు లేదు, అప్పీలు పైకము లేదు. 1984లో మునసబు కరణముల వంశపారంపర్యపు పదవులును రద్దయినవి. ఆ పదవులతో బోయిన దౌర్జన్యమునకు మేము చింతింపము. కాని ఊరి తగవు నూరనే తీర్చు స్థానము దానితోనే పోయినది. దానికి మాఱుగా మఱియొకటి గట్టిగా నిలువలేదు.

కోర్టు రుచి యెట్టిదో తెలియవలెనన్న విజయనగరమువారు దూరము పోనక్కఱలేదు. ఆనందగజపతి మహారాజుగారు 1897లో పరమపదించినపిమ్మట సంస్థానపు వారసత్వమునుగూర్చి లేచిన వ్యాజ్యము ఏండ్లతరబడి సాగినది. రీవా మహారాణీగారి యాంతరంగిక కార్యదర్శిగా గురజాడ అప్పారావుగారు ఆ కాగితముల నడుమ జాల కాలము గడపిరి. ఆయన కన్యాశుల్కమున, ముఖ్యముగా 1909 నాటి ప్రతియందు, అగ్నిహోత్రావధానివంటి వ్యాజ్యప్రియులును, రామప్పపంతులువంటి దస్తావేజుల సృష్టికర్తలును, తప్పుడు సాక్ష్యముల బేరములును అంత సజీవముగా నుండుటకు గారణము మనకు దెలియకపోదు. బాల్యవివాహము సభ్యసమాజమున సిగ్గుపడవలసిన సంగతి యైనది. వ్యాజ్యప్రియత్వము మాత్రము నేటికిని బౌరుషముగానే చెల్లుచున్నది. ‘సుప్రీంకోర్టుదాక పోయెద’ నను మాట నేటికిని మీసము దువ్వియే చెప్పుదురు.

1920 డిసెంబరులో నాగపురమున సమావేశమైన కాంగ్రెసు న్యాయస్థానములను బహిష్కరించి దేశమంతటను మధ్యవర్తి పంచాయతీలను నెలకొల్పవలెనని పిలుపిచ్చినది. టంగుటూరి ప్రకాశముగారు మద్రాసులో వెల్లువగా వచ్చుచున్న యార్జనను విడిచిరి. కొండా వెంకటప్పయ్యగారును బ్లీడరు వృత్తిని మానుకొనిరి. ఆ త్యాగములకు మనము నమస్కరింతము. కాని యా పంచాయతీలు నిలువలేదు. దానికి గారణమును విచారింపవలెను. ఆ తీర్పులకు వెనుకబలము జాతీయోత్సాహము మాత్రమే. ఉత్సాహము చల్లారినతోడనే ఓడినవాడు తీర్పును ద్రోసిపుచ్చి కోర్టుకెక్కెను. కట్టుబడనివానిచే గట్టుబడజేయు శక్తి లేనిచో మధ్యవర్తిత్వము సాధువులకు మాత్రమే పనికివచ్చును. సాధువులకు దగవులే యుండవు.

ఆ లోపము నేడు లేదు. 1996 నాటి చట్టము ప్రకారము మధ్యవర్తి తీర్పు కోర్టు డిక్రీవలెనే యమలు జరుపబడును. ఒడంబడిక వ్రాతమూలకముగా నుండవలెను. మధ్యవర్తుల సంఖ్య బేసిగా నుండవలెను. మధ్యవర్తి తనకు నుభయులలో నెవ్వరితోనైన గల బంధుత్వమును, లావాదేవీలను ముందుగా వెల్లడింపవలెను. ఉభయులను సమానముగా జూడవలెను. సామాన్యముగా నతడు చట్టము ననుసరించియే తీర్పు చెప్పవలెను. ఉభయులు స్పష్టముగా నధికార మిచ్చినచో ధర్మబుద్ధి ననుసరించి చెప్పవచ్చును. ఈ చివరి వీలు కోర్టున లేనిది. గట్టు తమ్ముని దేయైనను, బావినీరు మూడురోజుల కొకసారి యన్నకు వదలుమని చెప్పుటకు మార్గ మిదియే. తీర్పును రద్దుచేయుమని కోర్టు నడుగుటకు మూడునెలల గడువును, స్వల్పకారణములును మాత్రమే కలవు. సాక్ష్యమును మొదటినుండి తిరుగదోడుటకు వీలులేదు.

ఇంతటితో సమస్తమును జక్కబడినదని మేము చెప్పజాలము. అంతకుముందున్న 1940 నాటి చట్టము క్రింద మధ్యవర్తిత్వము కోర్టు మెట్లెక్కి దిగుచుండెడి వింతను జూచి, న్యాయవాదులు నవ్వుచున్నారనియు, న్యాయతత్త్వజ్ఞు లేడ్చుచున్నారనియు 1981లో సుప్రీంకోర్టే వాపోయినది. క్రొత్త చట్టము వచ్చినను పెద్ద గుత్తేదారులును ప్రభుత్వశాఖలును దానిని మఱల నొక క్రిందికోర్టుగా మార్చివైచిరి: తీర్పు వచ్చుట, రద్దు దరఖాస్తు పడుట, దానిపై నప్పీలు, దానిపై సుప్రీంకోర్టు. పండ్రెండు నెలలలో దీర్పు రావలెనను నిబంధనను 2015లో జేర్పవలసివచ్చుట యందులకే. ఒకొక్క సమావేశమునకు మధ్యవర్తికి జెల్లించు రుసుముతో మన ప్రాంతమున నెకరము భూమి కొనదగిన సందర్భములును గలవు. కావున నెకరమునకై తగవుపడువాడు అట్టి మధ్యవర్తిని గోరరాదు. అతనికి లోక్ అదాలతు కలదు. 1987 నాటి చట్టముచే నేర్పడిన యీ సభలో రాజీ కుదిరినచో నది డిక్రీతో సమానము. దానిపై నప్పీలు లేదు. కోర్టులో గట్టిన రుసుము తిరిగి వచ్చును. రాజీ కుదరనిచో దావా యెక్కడ నాగినదో యక్కడనుండియే మఱల సాగును. పోగొట్టుకొనునది లేదు.

అయితే ప్రతి తగవును బెద్దమనుష్యులలో బెట్టదగినదేనా? కాదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లని మన సామెత. మధ్యవర్తికి దగవులో వాటా యున్నచో, లేక ఒక పక్షమువానికి మధ్యవర్తి ఋణపడియున్నచో, అది మధ్యవర్తిత్వము కాదు. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు: సమ్మతి యనునది సమానులమధ్యనే సమ్మతి. కౌలుదారుడు భూస్వామి యింటి యరుగు క్రింద నిలిచి, ఆ భూస్వామి మేనమామనే మధ్యవర్తిగా నంగీకరించినచో, ఆ వ్రేలిముద్ర భయమునకు గుర్తేగాని సమ్మతికి గుర్తు కాదు. మా చదువరులలో భూవసతి గలవారు పెక్కండ్రు. వారికి మా మనవి: మీకంటె బలహీనునితో దగవు వచ్చినచో మధ్యవర్తి నతనినే ఎన్నుకొననిండు. మీ పక్షమున న్యాయమున్నచో మీకు నష్టము లేదు.

ఇంటిలోపలి సంగతి యింకను గఠినమైనది. తండ్రి యాస్తిలో గుమార్తెకు సమానభాగము 1985లోనే మన రాష్ట్రపు చట్టము, 2005లో దేశమంతటికిని గల చట్టము కల్పించినవి. అయినను బెద్దమనుష్యుల సమక్షమున జరుగు పంపకములలో నాడుబిడ్డను గూర్చుండబెట్టు గృహము లెన్ని? పసుపుకుంకుమలక్రింద నింత యిచ్చితిమని యన్నదమ్ములు పారీఖత్తు వ్రాసికొందురు. చెల్లెలు సంతకము పుట్టింటి రాకపోకలకు వెలగా దీసికొందురు. ఏండ్లు గడచినపిమ్మట నామె బిడ్డలు దావా వేయుదురు. అప్పుడు కోర్టులవలన గుటుంబములు చెడుచున్నవని మనము వగతుము. చెడినది కోర్టువలన గాదు. ఆమెను విడిచి కూర్చుండిన నాటి యరుగుమీదనే చెడినది. పిలువబడనివానిని గట్టుబడజేయు మధ్యవర్తి తీర్పు లోకమున లేదు.

మన్యప్రాంతమున మఱియొక హద్దు కలదు. 1970 నాటి మొదటి రెగ్యులేషను ప్రకారము షెడ్యూలు ప్రాంతములో గిరిజనుని భూమి గిరిజనేతరునికి జెందరాదు. దీనిని మధ్యవర్తి తీర్పను పేర గాని, రాజీ యను పేర గాని దాటజూచుట చట్టవంచన. శ్రీకాకుళపు టేజెన్సీలో 1967-70 నడుమ జెలరేగిన యగ్ని యెక్కడ రాజుకొన్నదో యెఱిగినవారు, అప్పుపత్రముతో మొదలై భూమితో ముగిసిన పాత ‘పెద్దమనుష్యుల యొప్పందములను’ మఱవరాదు. నేరములు, వివాహబంధము, దివాలా మొదలగునవి మధ్యవర్తి చేతికి రాని విషయములే. కొట్టబడిన స్త్రీని, చంపబడినవాని కుటుంబమును పంచాయతీకి బిలిచి లెక్కగట్టు నాచారము మధ్యవర్తిత్వము కాదు. అది నేరమునకు వెల కట్టుట.

కోర్టు మీది విసుగుతో, తాము కోరని తీర్పరికి ప్రజలు లోబడుదురను భ్రమ ప్రభుత్వములకును గలదు. భూమిహక్కుల చట్టమని యొకదానిని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చేసి 2023లో నమలునకు దెచ్చినది. భూవివాదములను సివిలు కోర్టుల చేతినుండి తీసి హక్కు నమోదు నధికారుల చేతిలో బెట్టినది. అధికారి త్వరగా దీర్చునని వారి వాదము. న్యాయవాదులు కోర్టులను విడిచి వీథులకెక్కిరి. రైతులు తమ పట్టాలనుగూర్చి కలవరపడిరి. 2024లో నూతన శాసనసభ దానిని రద్దుచేసినది. ఆ కలవరమున రాజకీయము కొంత యుండవచ్చును. కాని మూలమున నొక న్యాయమైన శంక కలదు. కోర్టును విడిచి పోవుట మధ్యవర్తిత్వమున మన యిష్టము. ఆ చట్టమున మన యిష్టము ప్రసక్తి లేదు. తీర్పరిని నేను ఎన్నుకొననైనను ఎన్నుకొనవలెను, లేదా యతడు ప్రభుత్వమునకు లోబడని న్యాయాధిపతియైనను గావలెను. ఈ రెండును గాని మూడవవానిని రైతు నమ్మలేడు.

ఇక మఱల నదులకు వత్తము. ఒకే దినమున, 1969 ఏప్రిలులో, కృష్ణకును గోదావరికిని వేఱువేఱు జలవివాద న్యాయమండలులు నియమింపబడినవి. రెంటికిని అధ్యక్షులు బచావత్ గారే. కృష్ణ విషయమున రాష్ట్రములు తుదివఱకు వాదించినవి; న్యాయమండలి తానే విచారించి 1973లో దీర్పు చెప్పి, 1976లో దానిని సవరించినది. గోదావరి విషయమున రాష్ట్రములు తమలో దామే యొడంబడికలు చేసికొనినవి. 1980 నాటి తీర్పు ప్రధానముగా నా యొడంబడికలకు వేసిన ముద్ర. ఫలిత మేమి? కృష్ణకు 2004లో రెండవ న్యాయమండలిని నియమింపవలసివచ్చినది. దాని తీర్పు ప్రకటన సుప్రీంకోర్టులో జిక్కుకొన్నది. 2023లో దానికే మఱికొన్ని ప్రశ్న లప్పగింపబడినవి. గోదావరిపై గలహములు లేవని కాదు. పోలవరము ముంపును గూర్చిన మాటలు వినుచునే యున్నాము. అయినను దాని పంపకపు పునాదిని ఏబదియేండ్లుగా నెవ్వరును గదల్చలేదు. న్యాయమూర్తి యొక్కడే, కాల మొక్కటే, చట్ట మొక్కటే. ఒకచోట పంపకము వారే చేసికొనిరి. మఱియొకచోట వారిపై జేయబడినది.

ఆ మాటకు వంశధారయే ప్రత్యుత్తర మని యొకరనవచ్చును. అక్కడను 1962 నాటి యొడంబడిక కలదు గదా? కలదు. కాని చెరిసగమను మాటయందు సగ మెట్లు తీసికొందురో, ఎక్కడ గట్టుదురో, ఎవరి భూమి మునుగునో, మునిగినవానికి నెవరు చెల్లింతురో యను సంగతులన్నియు సందేహములై నిలిచినవి. సౌహార్దముతో జేసికొన్న యొడంబడిక యైనను, తెగని సంగతి వచ్చినప్పుడు దెంపువా డెవడో నిర్ణయింపనిచో, కోర్టునకు దారితీయును. జంఝావతి కథయు నట్టిదే. ఒడిశాలో మునుగు భూమివిషయమై యంగీకారము కుదరక, పూర్తి యానకట్టకు బదులు 2006లో రబ్బరు కట్టతో సరిపెట్టుకొనవలసివచ్చినది. సాలూరు కొండలమీది కొటియా గ్రామము లిరువదియొకటి యెవరి వను వ్యాజ్యము 1968లో సుప్రీంకోర్టుకెక్కి, 2006లో హద్దు తేలకయే ముగిసినది. 2021లో నక్కడ జరిపిన పంచాయతీ యెన్నికలవలన మఱల ధిక్కారపు దరఖాస్తు పడినది. అక్కడి గిరిజనుల చేతిలో రెండు రాష్ట్రముల కార్డులును గలవు. ఇరువురు తల్లులకు బిడ్డయైనవాని యాకలి యెవ్వరి బాధ్యతయో తేలలేదు.

కావున మా తాత్పర్య మిది. కోర్టును ద్వేషింపవలదు. బలహీనునికి నది తుది యాశ్రయము. అది వెనుక నిలిచియున్నదను భయముననే మధ్యవర్తి మాట చెల్లుచున్నది. కాని తుది యాశ్రయమును మొదటి మజిలీగా జేసికొనుట మన దోషము. పలాసలో జీడిపప్పు వ్యాపారమునకో, బొబ్బిలిలో ధాన్యపు మిల్లునకో భాగస్వాములుగా జేరువారు, చిఱునవ్వులతో బత్రము వ్రాసికొను నాడే, తగవు వచ్చినచో మధ్యవర్తి యెవరో, అతని నెట్లు నియమింపవలెనో యొక పంక్తి వ్రాసికొందురు గాక. కోపము వచ్చినపిమ్మట ఆ పంక్తి వ్రాయుటకు నిద్దఱి చేతులును గలియవు. పంపకమునకు గూర్చుండువారు హక్కుగల ప్రతివానిని, ప్రతి యాడుబిడ్డను బిలిచి కూర్చుండబెట్టుదురు గాక. తీర్పును గారణములతో వ్రాయించి, సంతకములు చేయించి, భూమిపై హక్కు కలిగించు తీర్పైనచో స్టాంపు వేయించి రిజిస్టరు చేయింతురు గాక. నోటిమాటతో ముగిసిన పంపకము మఱుతరమున వ్యాజ్యమునకు విత్తనము. రాజీ మాటల నడుమ గాలదోషము పట్టకుండ జూచుకొందురు గాక; బాకీకి మూడేండ్లు, భూమి స్వాధీనమునకు బండ్రెండేండ్లు గడువు. పెద్దమనుష్యుల మాటలు సాగుచున్నవని ఆ గడియారము నిలువదు. గడువు దాటువఱకు ‘మాటలాడుకొందము’ అనుచుండు ఋణస్థు లెందఱో కలరు.

వంశధార రైతు రెండు రాష్ట్రముల ముఖ్యమంత్రులను గూర్చుండబెట్టలేడు. తన యన్నను గూర్చుండబెట్టగలడు. తమ గట్టు తగవును దాము దీర్చుకొన్న గ్రామముల ప్రజలు తమ ప్రతినిధులను నదీతీరమున నిలిపి, అఱువదియేండ్లు చాలవా యని యడుగుటకు నర్హత సంపాదింతురు. అంతవఱకు బైవారిని నిందించుటకు మన నోరాడదు.